నీళ్ల గది తలుపు

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా ఇంటికి ఎంతటివాళ్లు వచ్చినా ముందు చేతికి అందేది మంచినీళ్లే. పెరట్లో బావి ఉండేది కానీ ఆ నీళ్లు ఉప్పు. తాగే నీళ్లు ఊరి బయట నుంచి ఎద్దుబండి మీద పీపాలో వచ్చేవి. వాటి కోసమే ఒక గది ఉండేది. నేలంతా తడి ఇసుక, ఇసుకలో వరసగా మట్టి కుండలు. ఎండాకాలంలో ఆ గుమ్మం దాటితే ఒళ్లు జలదరించేంత చల్లదనం. నీళ్ల గది అనేవాళ్లం. మా పల్నాడులో ఒక ఇంట్లో గది నిండా మంచినీళ్లున్నాయంటే అదెంత దర్జానో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు.

ఆ దర్జా కోర్టులో పోయింది. నాన్న తరం మొదలుపెట్టిన దావా ఓడిపోయి, ఇల్లు అమ్ముకోవలసి వచ్చింది. అప్పుడే పెట్టిన కాలేజీవాళ్లు పిల్లల హాస్టలు కోసం కొన్నారు. వాళ్లు తాళాలు తీసుకోవడానికి వస్తామన్న రోజున మా సామాను బండ్లకెక్కింది. కుండలు పగులుతాయని చివరి బండి కోసం ఉంచారు. అదను చూసి నేను నీళ్ల గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాను.

నేను బయటికి రాకపోతే ఇల్లు చేతులు మారదని నా లెక్క. తాగడానికి నీళ్లున్నాయి కాబట్టి ఎన్నాళ్లయినా ఉండగలననుకున్నాను. తిండి సంగతి తోచలేదు.

ముందు మా మేనత్త వచ్చింది. "ఏమే, తలుపు తియ్యవే! ఇల్లంతా ఖాళీ అయింది, నువ్వొక్కదానివి ఏలుకుంటావా ఏంది? తీస్తావా, వీపు పగలాలా?" అంది. వీపు లోపలుంది, చెయ్యి బయట ఉంది. తరవాత బతిమాలింది, బెల్లం ముక్క ఇస్తానంది. దానికీ కదల్లేదు.

అంతలో కాలేజీవాళ్లు వచ్చారు. మిట్ట మధ్యాహ్నం, వైశాఖమాసం ఎండ. చెప్పుల చప్పుడు సావిట్లోకి రావడం విన్నాను. సంగతి తెలిసి ఒకాయన నవ్వాడు. "చిన్నపిల్ల మంకుపట్టుకు ఇంతసేపా అండీ? వడ్రంగిని పిలిపించి గడియ ఊడదీయిస్తే సరి" అన్నాడు. తలుపుకు వీపు ఆనించి, కాళ్లు ఇసుకలో తన్నిపెట్టి కూర్చున్నాను.

మా తాతయ్య చేతికర్ర చప్పుడు దగ్గరికి వచ్చి, తలుపు ముందు ఆగింది. కొడతాడనుకున్నాను, తలుపైనా తట్టలేదు. సావిడివైపు తిరిగి, అందరికీ వినపడేలా, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"కాస్త కూర్చోండి. ఎండన పడి వచ్చారు. మా మనవరాలు మంచినీళ్లు తెస్తుంది."

అంతే. కర్ర చప్పుడు వెనక్కి వెళ్లిపోయింది. సావిట్లో ఎవరో పొడిదగ్గు దగ్గారు. మా ఇంటికి వచ్చిన మనిషి గొంతు తడారిపోయి దగ్గుతున్నాడు, ఇంట్లో ఉన్న నీళ్లన్నీ నా దగ్గర ఉన్నాయి. తాతయ్య మాట ఇచ్చేశాడు. ఆ మాట నిలబడటమా, పోవడమా అనేది నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఎంతసేపు పళ్లు బిగబట్టానో తెలియదు. చివరికి చెంబు ముంచుకుని, గడియ తీశాను.

వీపు నిటారుగా పెట్టి, చుక్క ఒలకకుండా నడిచాను. ఒక్కొక్కరికీ గ్లాసు నింపి ఇచ్చాను. వడ్రంగిని పిలుద్దామన్నాయన కూడా లేచి రెండు చేతులా అందుకున్నాడు. ఆఖరి మనిషి తాగి గ్లాసు కింద పెట్టాక గానీ తాతయ్య తాళాలు వాళ్ల చేతికివ్వలేదు.

బండెక్కాక, నన్ను మోసం చేశావని ఏడ్చాను. "చేశాను" అన్నాడు తాతయ్య. "తలుపు ఊడదీస్తే నిన్ను లాక్కొచ్చేవాళ్లు. చెంబు పట్టుకుని నీ అంతట నువ్వొచ్చావు. చానా బాగా వచ్చావు అమ్మాయ్."

ఆ ఇంటి గడప ఇన్నేళ్లూ నేను తొక్కలేదు. కాలేజీ ఇప్పుడు యూనివర్సిటీ అయింది. పాడుబడిన మా ఇంటిని బాగుచేసి, పూర్వ విద్యార్థుల భవనం చేస్తున్నారు. ఆ పని చూసే ఇంజనీరు అమ్మాయి నేను అద్దెకుండే వాటా వెతుక్కుంటూ వచ్చి, ఏ గది దేనికి వాడేవారో చెప్పమంది. వెళ్లాను. గోడలకు మళ్లీ సున్నం, దూలాలకు నూనె, నేలకు పాత నాపరాళ్లే. బాగా చేశారు, ఒప్పుకోవాలి. నీళ్ల గదిని మాత్రం సామాన్ల గది అనుకుని కుర్చీలు కుక్కారు.

యూనివర్సిటీ పెద్దలు వచ్చి, గుమ్మం మీద మా ఇంటిపేరుతో బోర్డు పెడతామన్నారు. బోర్డు వద్దన్నాను. ఇసుక పోయించి కుండలు పెట్టించమన్నాను. నీళ్ల సీసాలు వస్తాయి, ఫిల్టరు మిషను ఉంది అన్నారు. ఉంటే ఆ నీళ్లే కుండల్లో పోయండన్నాను. ఒప్పుకునేదాకా ఆ గుమ్మంలోంచి కదల్లేదు. ఈసారి గడియ అవసరం పడలేదు.

ప్రారంభం రోజున ముందు వరసలో నాకొక కుర్చీ వేశారు. నేను నీళ్ల గది గుమ్మంలో నిలబడ్డాను. తల నెరిసిన ఒకాయన ఎండలో నుంచి వచ్చి, "మీరు ఏ బ్యాచ్ అండీ?" అని అడిగాడు.

"నేను ఇక్కడ చదవలేదు బాబూ. ముందు మంచినీళ్లు తాగు" అని గ్లాసు నింపి ఇచ్చాను.

ఇల్లు లేకుండానే ఇన్నేళ్లు బతికాను. అద్దె వాటాలోనూ, గుమ్మంలోకి ఎవరొచ్చినా నా చెయ్యి ముందు చెంబు మీదికే పోయింది. తాతయ్య ఆ రోజు నా తరఫున ఇచ్చిన మాటకు గడువు చెప్పలేదు. వాళ్లు వేసిన కుర్చీ సభ అయ్యేదాకా ఖాళీగానే ఉంది. నీళ్లిచ్చే మనిషి కూర్చోదు.