వాగు దాటిన నడక

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు నేర్పిన విద్య ఒకటే. భయం వేసినప్పుడు పరుగెత్తకూడదు, నడవాలి. నేను బడి గడప తొక్కలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. తరువాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంతకు మించిన పాఠం దొరకలేదు. దాన్ని నేను నలుగురిలో నోరు విప్పి చెప్పింది మాత్రం ఒక్కసారే, అదీ అమెరికాలో, మా కొడుకు ఉండే పిస్కాటవే ఊళ్ళో, మా మనవరాలి బడిలో.

అమెరికాకు మొదటిసారి ఒక నల్లజాతి అధ్యక్షుడు వచ్చిన ఆ ఫిబ్రవరిలో, నాలుగో తరగతి పిల్లలకు బానిసత్వం గురించి పాఠం చెబుతున్నారు. ఇంట్లో పెద్దలెవరైనా వచ్చి కూర్చోవచ్చని కబురు పెట్టారు. కొడుక్కీ కోడలికీ ఆఫీసు. నన్ను కార్లోంచి దింపుతూ మావాడు, "నాన్నా, లోపల ఏం మాట్లాడకు. జస్ట్ కూర్చో. ఇయర్ అంతా దానికి అదే టీచర్" అన్నాడు. సరేనన్నాను.

ఆటల హాల్లో నేల మీద నీలం టేపు అంటించారు. అది నది అట. ఇవతల బానిసలు, అవతల స్వేచ్ఛ. చేతికి ఎర్ర రిబ్బను కట్టుకున్న నలుగురు పారిపోయేవాళ్ళను పట్టుకోవాలి. ఆ నలుగురిలో మా మనవరాలు ఒకతె. దాటినవాళ్ళకు చాక్లెట్. ఈల మోగగానే పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనుషుల మీదికి కుక్కల్ని తోలిన సంగతి ఇక్కడ కబడ్డీ అయి కూర్చుంది.

మా మనవరాలు పరుగెత్తి పరుగెత్తి ఒక పిల్ల చెయ్యి దొరకబుచ్చుకుంది. ఆ తరగతి మొత్తానికి నల్లపిల్ల ఆమె ఒక్కతే. మా ఇంటికొచ్చి పెరుగన్నం తినిపోయే స్నేహితురాలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కూడా నవ్వుతూ "గుడ్ జాబ్" అంది. ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని గోడవారన కూర్చుంది. రెండో ఆటకు పిలిస్తే లేవలేదు. మా పిల్ల పక్కన కూర్చోబోతే ముఖం తిప్పేసుకుంది. తాను చేసిన తప్పేమిటో తెలియక మా పిల్ల నా వైపు చూసింది. కొడుక్కిచ్చిన మాట అక్కడితో సరి. లేచి దాని దగ్గరికి వెళ్ళాను.

"పరుగెత్తి ఎవరూ నది దాటలేదని మీ టీచరమ్మకు చెప్పు."

"తాతా, డాడీ సైలెంట్‌గా ఉండమన్నాడు కదా."

"మీ డాడీ సంగతి నేను చూసుకుంటా. నువ్వు చెప్పు. మా ఊళ్ళో జరిగింది ఒకటి పిల్లలకు చెబుతానని కూడా అడుగు."

టీచరమ్మ ముఖంలో నవ్వు పోయింది. గోడ గడియారం వైపు చూసి, పది నిమిషాలంది. పిల్లలు నేల మీద కూర్చున్నారు. నేను చెబుతుంటే మా పిల్ల ఇంగ్లీషు చేస్తూ వచ్చింది, మధ్యలో "స్లోగా, తాతా" అంటూ.

మా ఊరి దొర ఇంటిని గడి అనేవాళ్ళం. దొర బిడ్డ అత్తారింటికి వెళితే నగలతో, ఆవులతో పాటు ఒక పిల్లను కూడా వెంట పంపేవారు. ఆడబాప అనేవారు ఆమెను. చచ్చేదాకా అక్కడే చాకిరీ. ఎవరేం చేసినా అడిగే దిక్కుండదు. ఆ ఏడు మా మేనత్త వంతు వచ్చింది. ఆమెకు పదమూడేళ్ళు, నాకు ఎనిమిది.

పెళ్ళి పసుపు దంచడానికి గడిలోకి వెళ్ళిన నాయనమ్మ, అక్కడే పని చేస్తున్న కూతురి ముఖానికీ చేతులకూ నల్లజీడి రసం పూసి వచ్చింది. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టే రసమది. ఒంటికి తగిలితే కాలుస్తుంది. మరునాటికి అత్త ముఖం నిండా, చేతుల నిండా పొక్కులు. పెళ్ళింట అమ్మవారు పోసిందని గగ్గోలు లేచింది. దొరసాని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఊరి చివరి గుడిసెలో పడేసి రమ్మంది.

మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. ముందు వేపకొమ్మ పట్టుకుని నేను, వెనక ముసుగు వేసుకుని అత్త, ఆ వెనక నాయనమ్మ. గుడిసె దాటితే వాగు. వాగు అవతల వేరే సర్కారు, అక్కడ మా దొర మాట చెల్లదు. గుడిసె దగ్గర మేం ఆగలేదు. కర్ర పట్టుకుని దొర మనిషి ఒకడు మా వెంటే వస్తున్నాడు. వాడి అడుగుల చప్పుడు నా వీపుకు తగులుతున్నట్టే ఉంది. కాళ్ళు పరుగుకు లేచాయి.

"ఉరకకు బిడ్డా" అంది నాయనమ్మ మెల్లగా. "ఉరికెటోన్ని ఊరంత చూస్తది. నడిచెటోన్ని ఎవ్వడు చూడడు."

"ఏయ్ ముసల్దానా, గుడిసె ఆడుంటే ఎటు పోతున్నవే?"

"పొల్లకు నీళ్ళు పొయ్యాలె అయ్యా. వాగుకాడికి."

"ముసుగు తియ్యమను, చూస్త."

నాయనమ్మ అడ్డం రాబోయింది. అత్తే వెనక్కి తిరిగి ముసుగు తీసింది. తీసి, వాడి వైపే రెండడుగులు వేసింది. "దగ్గరికొచ్చి సక్కగ చూడు మామా" అంది. వాడు మూడడుగులు వెనక్కి పోయాడు. మేం నడిచాం. నీళ్ళు మడమల దాకా, తరువాత మోకాళ్ళ దాకా వచ్చాయి. అవతలి గట్టు ఎక్కేదాకా ఎవరం వెనక్కి చూడలేదు.

అక్కడితో చెప్పడం ఆపాను. గోడవారనున్న పిల్ల ఏదో అడిగింది. "ఆమె ఫేస్ మళ్ళీ బాగైందా అంటుంది తాతా" అంది మా మనవరాలు.

"లేదమ్మా. మచ్చలు అట్లాగే ఉండిపోయాయి. చచ్చేదాకా వాటిని ఎవరి ముందూ దాచుకోలేదు."

ఆ పిల్ల లేచింది. నీలం టేపు వైపు నడిచింది, తొందర లేకుండా. టీచరమ్మ ఈలను జేబులో వేసుకుంది. మా మనవరాలు రిబ్బను విప్పి నా చేతిలో పెట్టి, నాలుగడుగుల వెనక తానూ నడిచింది. ఆ పిల్ల టేపు దాటి, వెనక్కి చూడకుండా అలాగే నిలబడింది. మా పిల్ల తన పక్కకు చేరేదాకా కదలలేదు.

సాయంత్రం మావాడు నా మీద కోప్పడ్డాడు. పడనీ అనుకున్నాను. వాగు దాటి ఇన్నేళ్ళయినా, ఈ దేశపు విమానాశ్రయాల్లో గానీ, దుకాణాల వరుసల్లో గానీ నా వెనక ఎవరైనా గబగబా వస్తున్న చప్పుడైతే నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదిస్తాయి. అరచేతిలో వేపకొమ్మ ఉన్నట్టే వేళ్ళు ముడుచుకుంటాయి.