వెర్నా సొట్టగిన్నె

మోంటానా కొండల కింద వెర్నాకి ఓ గొర్రెల మంద ఉంది, మంద మధ్యలో తిక్క గాడిద ఒకటి ఉంది, ఆ రెంటికీ కాపలాగా ఆవిడ నోరుంది. పొద్దు వాలగానే మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని, సొట్టగిన్నెని గరిటెతో వాయించుకుంటూ కంచె పొడుగునా నడుస్తుంది. వాగు అవతల కాపురముంటున్న కయోటీ నక్కల జంట చెవులు రిక్కించి చూస్తుంటే, "సిగ్గులేని మొహాల్లారా, మీ హద్దులో మీరుండండి!" అని తిడుతుంది. అవి తాపీగా లేచి పొదల్లోకి పోతాయి. చుట్టుపక్కల వాళ్ళంతా కయోటీలను కాల్చి కంచెలకు వేలాడదీస్తారు. వెర్నా కంచెకి మాత్రం వేలాడేది గొర్రెల ఉన్నే.

మొన్న ఒక గొర్రెపిల్ల పోయింది. ఆ కబురు విని పక్క పొలం లొవెల్ తుపాకి పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. "ఇప్పటికైనా ఒప్పుకో అత్తా, నీ చుట్టాలే తిన్నారు."

"తిన్నారు. ఈస్టరుకి నువ్వు మా ఇంట్లో లొట్టలేసుకుంటూ తిన్నదేంటి, ముల్లంగా?"

లొవెల్ నవ్వలేదు. "గేటు తియ్యి. రెంటినీ లేపేస్తా."

"వీటికి నా గాడిద తన్నులు తెలుసు, నా నోరూ తెలుసు. వీటిని చంపితే ఆ చోటుకి కొత్తవి వస్తాయి. వాటికి మళ్ళీ ఓనమాల నుంచి ఎవడు నేర్పుతాడు, నువ్వా?"

అతను గేటు గొళ్ళెం మీద చెయ్యేశాడు. వెర్నా గిన్నె ఎత్తి అతని చెవి పక్కనే ఠంగుమని మోగించింది.

"సిగ్గులేని మొహమా, నీ హద్దులో నువ్వుండు!"

లొవెల్ చెవి మూసుకుని ట్రక్కు దాకా వెనక్కి నడిచాడు. వాగు అవతలి జంట కూడా, ఆ తిట్టు తమకే అనుకుని, తాపీగా లేచి పొదల్లోకి పోయింది.