కరస్పాండెంట్ గారి కుర్చీ బండేనా?

ఊరు ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న ఆ కరోనా రోజుల్లో, ఎవరి పని వాళ్ళకి ఏదో ఒక రకంగా ఇంట్లోంచే జరిగిపోయింది. లెక్కల మాస్టారు ఫోన్లో లెక్కలు చెప్పారు, తెలుగు టీచరు పద్యాలు చెప్పారు, మా ఇంటి ఓనరు భాయ్ కూడా కాలిపోయిన మోటార్లు ఇంటికి తెచ్చుకుని వరండాలో వైండింగు చేసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచనిది నాకొక్కడికే. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో అప్పుడే చేరిన పీఈటీ సార్‌ని నేను. పీఈటీ అంటే పిల్లల్ని ఆడించేవాడు. (అలా చెబితే శావల్యాపురంలో ఉన్న మా నాన్నకి నచ్చదు, "వ్యాయామ ఉపాధ్యాయుడు" అని చెప్పాలి.) గ్రౌండు లేదు, బంతి లేదు, ఎదురుగా పిల్లలు లేరు. మెడలో విజిల్ మాత్రం ఉండేది. స్కూలు లేకపోయినా పొద్దున్నే స్నానం చేసి అది మెడలో వేసుకునేవాణ్ణి. ఎందుకు వేసుకునేవాణ్ణో నన్నడక్కండి.

స్కూలు నడిపే మా కరస్పాండెంట్ గారు పెద్ద రైతు, మాట కూడా పెద్దదే. ఒకరోజు ఫోన్ చేసి, "ఏందయ్యా పీఈటీ, ఫోన్లో గెంతటం నేర్పిస్తన్నావంట. ఎవరన్నా గెంతుతన్నారా?" అని అడిగారు. గెంతుతున్నారో లేదో నిజంగా నాకు తెలియదు. నేను "వన్, టూ" అంటూ మేడ మీద గదిలో ఒక్కణ్ణే చేతులూ కాళ్ళూ ఆడిస్తుంటే, పిల్లలందరూ వీడియోలు ఆపేసుకుని "నెట్ రావట్లా సార్" అనేవాళ్ళు. నా జవాబు కోసం ఆయన ఆగలేదు. "శనివారం నేనే చూస్తా. మా మనవడు కూడా నీ క్లాసేగా, వాడి ఫోన్లోనే చూస్తా. అందరూ వీడియోలు పెట్టాల. బాగుంటే సరే. లేకపోతే స్కూలు తెరిచేదాకా నువ్వు మీ ఊరెళ్ళి ఉండు" అన్నారు. ఊరెళ్ళడమంటే మా నాన్న ఎదురుగా నిలబడటం. గెంతడానికి జీతమిచ్చే ఉద్యోగమేందిరా అని ఆయన మొదట్నుంచీ అంటూనే ఉన్నారు, ఎప్పటికైనా వెనక్కి వస్తానని పొలంలో నా వంతు పని కూడా అట్టే పెట్టారు. వెళితే మళ్ళీ తిరిగొచ్చేది ఉండదని నాకు తెలుసు.

ఇక నాలో ఉన్న పరిశోధకుడు నిద్ర లేచాడు. ఇంట్లో ఉన్న పిల్లవాడు అసలు ఎందుకు కదులుతాడు, ఎందుకు కదలడు అన్నది తేల్చుకోవాలని కింద భాయ్ వాళ్ళ పిల్లలిద్దర్నీ అరువు తెచ్చుకున్నాను. మూడో తరగతి పాప, ఒకటో తరగతి బాబు. ఉన్నచోటే పరిగెత్తమన్నాను. నా మొహం చూసి నిలబడ్డారు. గుంజిళ్ళు తియ్యమంటే "మేమేం తప్పు చేశాం సార్?" అంది పాప. సాక్సుల్ని ఉండలు చుట్టి దూరంగా బకెట్లో వెయ్యమన్నాను. అది కాస్త నచ్చింది, కానీ ఉండలు మంచం కిందికి దొర్లిపోతే వాటికోసం పాకడం ఇంకా ఎక్కువ నచ్చింది, ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. తలగడ తల మీద పెట్టుకుని పడకుండా నడవమన్నాను. తలగడ యుద్ధం మొదలైంది. వాళ్ళమ్మని నేను ఆపా (అంటే అక్క) అని పిలిచేవాణ్ణి. ఆమె కిందనుంచి, "సారూ, పైన ఏం దంచుతున్నారు? మా ఫ్యాను ఊగిపోతంది" అంది. క్షమాపణ చెప్పడానికి కిందికి దిగాను, పిల్లలు నాకంటే ముందే దిగి మంచమెక్కేశారు.

దిగేసరికి ఆపా ఇల్లు తుడుస్తోంది. "తడి ఆరిందాకా ఎవురూ కాలు పెట్టబాకండి" అంది. అంతే. పొద్దున్నుంచీ నేను బతిమాలినా కదలని ఆ ఇద్దరూ మంచం మీంచి స్టూలు మీదికి, స్టూలు మీంచి పీట మీదికి, పీట మీంచి గడప మీదికి ఒకటే దూకుడు. చెమటలు పట్టి, రొప్పుతూ, నవ్వుతూ, మళ్ళీ వెనక్కి. ఆపా తిడుతోంది, ఆమె తిట్టిన కొద్దీ వాళ్ళు ఇంకా ఎత్తుకి ఎగురుతున్నారు. నేను గోడకి ఆనుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను. నా డిగ్రీలో ఎవరూ చెప్పని సంగతి అది. కదలమంటే కదలరు, కాలు పెట్టొద్దంటే ఇల్లంతా తిరుగుతారు. ఇది మనం చిన్నప్పుడు అరుగుల మీద ఆడిన నేల-బండ ఆటే కదా అని అప్పుడు వెలిగింది. నేల మీద ఉన్నవాడు దొరికిపోతాడు, బండ ఎక్కినవాడికి భయం లేదు. ఇంట్లో ఎత్తుగా ఉన్నదల్లా బండే అనుకుంటే సరిపోతుంది.

శనివారం వచ్చింది. అందరి వీడియోలూ వెలిగాయి. ఫోన్లో చిన్న చిన్న గళ్ళు, గడికో ఇల్లు, వెనకాల తల్లులు, తండ్రులు, ఒకచోట మేకపిల్ల కూడా. ఒక గడిలో మా కరస్పాండెంట్ గారు హాల్లో చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన మనవడు చిట్టి. వెనకాల గోడ పొడుగునా మిరప టిక్కీలు. (మిరపకాయల గోతాలను మా వైపు అలాగే అంటారు. అప్పుడు గుంటూరు మిర్చి యార్డు మూసేశారు కాబట్టి, ఎవరి ఇంట్లో చూసినా అవే.) నేను రూలు చెప్పాను. "నేల" అంటే దిగి తిరగాలి, విజిల్ వేస్తే ఎక్కాలి, అప్పటికి కాళ్ళు నేల మీదుంటే అవుట్. తల్లిదండ్రులు కూడా మెచ్చుకుంటారని ఉత్సాహం ఎక్కువై, "గదిలో ఎవరున్నా ఆటలో ఉన్నట్టే" అని ఒక ముక్క కలిపాను. ఆ ముక్క అవసరమా అని ఇప్పుడు అనిపిస్తుంది.

మొదటి విజిల్‌కే ఇళ్ళు అదిరిపోయాయి. ఒక తల్లి చేతిలో చాటతో సహా మంచం ఎక్కింది. ఎవరిదో నాయనమ్మ రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని బోసినోటితో నవ్వింది. కరస్పాండెంట్ గారి మొహంలో కూడా చిన్న నవ్వు కనబడ్డట్టే ఉంది. నా ఉద్యోగం నిలబడిందనుకున్నాను. మూడో విజిల్‌కి చిట్టికి సోఫా పాతబడిపోయింది కాబోలు, టిక్కీల మీదికి ఎగబాకాడు. పైనున్న టిక్కీ ఒకటి నెమ్మదిగా ఒరిగి, తాతగారి కుర్చీ వెనకాల దబ్బున పడి, కుట్టు ఊడింది.

ముందు కరస్పాండెంట్ గారు తుమ్మారు. తర్వాత ఆయన కోడలు. తర్వాత లోపల్నుంచి ఎవరో, ఆ తర్వాత లెక్క తెలియలేదు. ఎర్రటి దుమ్ములో గడి మొత్తం మసకబారింది, తుమ్ములూ దగ్గులూ అందరి ఫోన్లలోంచీ వినబడుతున్నాయి. అసలే తుమ్మంటే వణికిపోయే రోజులు. మిగతా గళ్ళలో పెద్దవాళ్ళు గబగబా మూతులకి తువాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. (ఫోన్లోంచి ఏం వస్తుందని పెట్టుకున్నారో గానీ, నిజం చెప్పాలంటే నేను కూడా పెట్టుకున్నాను.) ఒక తండ్రి "ఫోన్ కట్టెయ్యే, కట్టెయ్యి" అంటున్నాడు. ఆ గోలలో, దుమ్ములోంచి, టిక్కీల మీదనుంచి చిట్టి గొంతు వినబడింది. "సార్, తాతయ్య కాళ్ళు నేల మీదున్నయ్. తాతయ్య అవుట్."  ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో అన్ని గళ్ళూ నవ్వాయి. కరస్పాండెంట్ గారి గడి ఆరిపోయింది.

నేను సంచీ సర్దుకున్నాను. బస్సులు లేవన్న సంగతి సర్దడం అయ్యాక గుర్తొచ్చింది. శావల్యాపురం దాకా నడవాలి, నడిచి వెళ్ళి మా నాన్నకి ఏమని చెప్పాలి? మెట్ల మీద కూర్చుంటే ఆపా టీ ఇచ్చి, "ఏమైంది సారూ?" అంది. "మా కరస్పాండెంట్ గారు అవుటయ్యారు, ఆపా. నేను కూడా" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సాయంత్రానికి ఇంకో కబురు కూడా తెలిసింది. వీధిలో ఎవరో తుమ్ముల సంగతి చెబితే ఆసుపత్రి నర్సమ్మ ఆయనింటికి వెళ్ళి అందరికీ జ్వరం చూసిందట, ఆఖరికి ఆవిడ కూడా తుమ్ముకుంటూ బయటికొచ్చిందట. ఇక ఆశ వదిలేసుకున్నాను.

చీకటి పడే వేళకి ఆయన ఫోన్ వచ్చింది.

"సార్, క్షమించండి సార్" అన్నాను ముందే.

"అది తర్వాత. మా వోడు పొద్దుట్నుంచీ నా బుర్ర తింటన్నాడు. ఇంట్లో ఆడోళ్ళంతా వాడి పక్షమే. కుర్చీ బండా, కాదా? అది చెప్పు ముందు."

"బండే సార్."

"చూశావంట్రా," అని అటు ఎవరితోనో అన్నారు. "మరి బండ మీద కూర్చున్నోణ్ణి నేనెట్టా అవుటవుతా?"

నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. సంచీ పక్కనే ఉంది, మా నాన్న మొహం కళ్ళ ముందుంది. అయినా చెయ్యి మెడలో ఉన్న విజిల్ మీదికి పోయింది. "కాళ్ళు ఎక్కడున్నాయి సార్?" అన్నాను.

"కుర్చీలో కూర్చున్నోడి కాళ్ళు యాడుంటయ్యయ్యా, కిందే ఉంటయ్."

"అయితే అవుటే సార్."

  ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది, చిట్టి పెట్టిన కేక వినబడింది, దాని వెనకాలే ఇంట్లోవాళ్ళ నవ్వులు. అవన్నీ తగ్గాక కరస్పాండెంట్ గారు గొంతు సవరించుకున్నారు. "సోమవారం ఎన్నింటికి క్లాసు?"

"పదింటికి సార్."

"ఈసారి ముందే చెప్పు, టిక్కీలు వెనక గదిలోకి మార్పిస్తా. కాళ్ళు పైన పెట్టుకునే కూర్చుంటా, చూద్దాం ఎట్టా అవుట్ చేస్తావో" అని పెట్టేశారు.

నేను ఇంకా పీఈటీగానే ఉన్నాను, ఇప్పుడు ఇంకా పెద్ద స్కూల్లో, పెద్ద గ్రౌండుతో. కాస్త పొట్ట కూడా వచ్చింది. మొన్న స్పోర్ట్స్ డే నాడు పరుగు పందెంలో ముఖ్య అతిథి గారి మనవడు పక్కవాడి లైన్లోకి అడుగేశాడు. నేను స్పష్టంగా చూశాను. విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదబోయే ముందు ఒక్కసారి అతిథి గారి వంక చూశాను. విజిల్ వేశాను లెండి, అవుటే అన్నాను. కానీ ఆ కరోనా రోజుల్లో, ఊరికి పోయే సంచీ పక్కన పెట్టుకుని కూడా, ఆ కుర్ర పీఈటీ ఎవరి వంకా చూడలేదు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.