రిఫరెన్స్ పిన్ను చూడని రోజు

ఆదోనిలో రేడియోలు బాగుచేసుకుంటూ బతికిన అన్నేళ్లలో నేను విసుక్కోని రోజు లేదు. ఎనభైల్లో అంకెలు వెలిగే పెట్టెలు రావడం మొదలయ్యాక ఆ విసుగు ఇంకా పెరిగింది. రేడియో చెడితే గరగరమని మొరపెట్టుకుంటుంది. ఈ పెట్టెలు అలా కాదు, నిక్షేపంగా వెలుగుతూనే అబద్ధం చెబుతాయి.

ఎమ్మిగనూరులో నూలుకు రంగులు వేసే షెడ్డు ఒకటుండేది. దాని సావుకారు రంగునీళ్ల వేడి చూసేందుకు అలాంటి పెట్టె ఒకటి తెప్పించాడు. దాని తీగ చివర తొట్టిలో ముంచితే ఎర్రటి అంకెల్లో డిగ్రీలు కనిపిస్తాయి. అక్కడ ముప్పై ఏళ్లుగా రంగు వేస్తున్న పెద్దాయనకు పెట్టెతో పని లేదు. నీళ్లలో చూపుడువేలు ముంచి లోలోపల లెక్కపెట్టేవాడు. మూడు దాటి ఓర్చుకోగలిగాడంటే ఇంకా కాగలేదన్నమాట. పెట్టెకూ వేలికీ కుదరక రోజూ గొడవే. తేల్చమని నన్ను పిలిపించారు.

ఎండన పడి బస్సులో వెళ్లాను. మూత తీస్తే లోపల నలభై కాళ్ల చిప్పు. వేడిని కొలిచేదీ, అంకెలను వెలిగించేదీ అదే. కరెంటు కాళ్ల దగ్గర మీటరు పెట్టి చూశాను. ప్లస్ అయిదు, గ్రౌండు, మైనస్ అయిదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది రిఫరెన్స్ పిన్ను అనే కాలు. కరెంటు కాళ్లు చిప్పుకు తిండి పెడతాయి, రిఫరెన్స్ పిన్ను దాని తూకపురాయి. అక్కడ వోల్టేజీ తగ్గితే, రాయి అరిగిన తక్కెడలాగే, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది చూడాలంటే బోర్డంతా ఊడదీయాలి. ఆకలి దంచేస్తోంది, బస్సు టైమవుతోంది.

"ఏమప్పా, పెట్టె బాగుండాదా?" అన్నాడు సావుకారు.

"బాగుంది" అన్నాను.

"ఇంగా కాగలేదప్పా, యేలు పెట్టి సూసినా" అన్నాడు పెద్దాయన నా వైపు తిరిగి. నేను స్క్రూలు బిగిస్తూ తల ఎత్తలేదు.

ఆ రోజు వేసిన ఎరుపు నిలవలేదు. నూలు ఉతికితే రంగంతా నీళ్లపాలైంది. పెట్టె బాగుందని మెకానిక్కే చెప్పాడు కాబట్టి తప్పు పెద్దాయనదేనని తేల్చి, ఆయన్ను పనిలోంచి తీసేశారు.

రంగు ఇంకా నిలవడం లేదని నెల తిరక్కుండా సావుకారు అదే పెట్టెను నా బల్ల మీదికి పంపాడు. ఈసారి బోర్డు ఊడదీశాను. రిఫరెన్స్ పిన్ను మీద ఒక వోల్టు ఉండాలి, ముప్పావు కూడా లేదు. దాన్ని సరిచేసే బుల్లి స్క్రూ ఆవిరికి చిలుం పట్టి ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. మళ్లీ బస్సెక్కి సావుకారుకు చెప్పాను. "ఇంగొగాయన సేరినాడు లేప్పా" అని కొట్టిపారేశాడు.

అక్కణ్ణుంచి పెద్దాయన ఇంటికి వెళ్లాను. తప్పు నాదేనని, ఆయన చెప్పిందే నిజమని చెప్పాను.

"ఇంగో షెడ్డోళ్లు పిలిసినారు. నేనే పోలేదు" అన్నాడు పెద్దాయన. "కాగలేదని నాకు తెలుసు. నువ్వు బాగుందంటివి. సదువుకున్నోనివి కదా అని మంట నేనే ఆర్పించి నూలు ముంచితిని. నన్ను నేనే నమ్ముకోకపోతినప్పా. ఇంగ యాడికి పోయి ఏం పని సేసేది?"