గోడ గూటిలోంచి వచ్చిన సంగటి

పక్కింటి అక్క ఇక లేదన్న మాట మొదట నాకు చెప్పింది పూలమ్మే అవ్వ. పొద్దున్నే గడప దగ్గర మూర కనకాంబరాలు కొలుస్తూ, "కనగానపల్లిలో మీ అక్క పోయిందంట పాపా, తెల్లారుజామున" అంది. అప్పటికి పొయ్యి మీద వంకాయ పులుసు ఉడుకుతోంది. రెండిండ్లకు సరిపడా. అక్క ఊళ్లో లేదని తెలిసినా నా చెయ్యి వినదు.

రెండిండ్ల సంగతి కొంచెం చెప్పాలి. ధర్మవరంలో మా రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. అందులో దీపం పెట్టుకునే గూడొకటి ఎప్పుడో అవతలివైపు రాలిపోయి కిటికీలా అయింది. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు కిరసనాయిలు దొరక్క అవస్థ పడుతుంటే, అక్క ఆ గూటిలోంచి తొంగిచూసి, "రెండు పొయ్యిలు యాలమ్మే? నువ్వు పులుసు చెయ్, నేను సంగటి కెలుకుతా" అంది. తర్వాత కిరసనాయిలు దొరికింది, గ్యాసు వచ్చింది, మా మగవాళ్లిద్దరూ ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. ఆ ఏర్పాటు మాత్రం అట్లే ఉండిపోయింది. ఇటు నుంచి పులుసు గిన్నె పోయేది, అటు నుంచి తడిబట్టలో చుట్టిన వేడి ముద్దలు వచ్చేవి. పులుసు పలచనైన రోజు ముద్దలతో పాటు మాటా వచ్చేది: "ఏం పాపా, ఈ పొద్దు చెరువు తెగిందా?" మిగిలిన సంగటిని మాత్రం ఏనాడూ పారేయనిచ్చేది కాదు. రాత్రి నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగా ఉల్లిపాయా కలిపితే ఇద్దరికీ చెరో లోటా. కదిరి నరసింహస్వామికి దండం పెట్టేటప్పుడు అక్క చేతిని కూడా తలుచుకునేదాన్ని.

ఒంట్లో బాగాలేక కనగానపల్లిలో తమ్ముడింటికి పోతూ అక్క గూటి దగ్గర నిలబడి చెప్పింది. "నాలుగు దినాల్లో వస్తా. అంతదాకా అన్నం వండుకో. సంగటి జోలికి పోతే చేతులు కాల్చుకుంటావు."

కనగానపల్లికి పోయి చివరిచూపు చూసుకుని, సాయంత్రం ఇల్లు చేరి తలకు పోసుకున్నాను. పులుసు అట్లే ఉంది. పారబోయడానికి మనసు రాలేదు, దాన్ని అన్నంలోకి కలుపుకోవడానికీ రాలేదు. ఈ వయసులో మొదటిసారి రాగిపిండి పోసి తెడ్డు పట్టాను. ఉండలు కట్టింది, అడుగంటింది, బొటనవేలు కాలింది. అక్క చెప్పినట్టే అయిందని నవ్వొచ్చింది. ఆ నవ్వు వినడానికి గోడ అవతల ఎవరూ లేరు. స్వామీ అనుకుని ఒక ముద్ద గూట్లో పెట్టి, కాసేపు అక్కడే కూర్చున్నాను. అది అక్కడే ఎండిపోతే అక్క ఊరుకుంటుందా అనిపించి, తీసి నీళ్లలో వేశాను. పొద్దున రెండు లోటాల్లో పోసి, రెండూ నేనే తాగాను.

ఇప్పుడు రోజూ నేనే కెలుకుతున్నాను. ఉండలు తగ్గుతున్నాయి. ఒక పూట తిండిని మరుసటి పూటకు నిలపడం ఆమె నేర్పింది. మనిషిని ఇంకొక్క పూట నిలపడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మీ ఇంట్లో సంగటి మిగిలిన రాత్రి, దాన్ని నీళ్లలో వేస్తూ మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.