బలం సూది అని చెప్పాం

ఆ రోజు అక్క గొలుగొండ నుంచి నర్సీపట్నం మా ఇంటికి వచ్చి, నా చెయ్యి తీసుకుని తన మెడ పక్కన పెట్టుకుంది. గడ్డ. నొప్పి లేదంది.

"ఏటిరా ఇది? జువాలజీ సెప్తావు కదా, సెప్పు."

జూనియర్ కాలేజీలో నా సబ్జెక్టు అదే. అనుమానం వచ్చింది. చెప్పలేదు.

విశాఖపట్నంలో బయాప్సీ, పెట్ స్కాన్ చేశారు. డాక్టరు బావనూ నన్నూ వరండాలోకి పిలిచి లింఫోమా, లింఫు గ్రంథుల క్యాన్సర్ అన్నారు. "తనకి చెప్పకండి సార్, భయపడితే ఒంట్లో క్యాన్సర్‌ని చంపే ఎన్‌కే సెల్స్ పని చెయ్యవంట" అన్నాడు బావ. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. విషయం అంత తేలిక కాదని నాకు తెలుసు. నోరు మెదపలేదు. డాక్టరు "మీ ఇష్టం" అన్నారు. జబ్బు ఎవరిది, ఇష్టం ఎవరిది?

కీమోని సెలైన్ అన్నాం. జుట్టు పెద్దగా ఊడలేదు. అబద్ధానికి అది కలిసొచ్చింది. తర్వాత, జబ్బు తిరగబెట్టకుండా, రెండు నెలలకోసారి రిటుక్సిమాబ్ సూది. "ఈ యాంటీబాడీ ట్యూమర్ సెల్‌కి అతుక్కుంటుంది. ఆ యాంటీబాడీని పట్టుకునే ఎన్‌కే సెల్ యాక్టివేట్ అయి ట్యూమర్ సెల్‌ని చంపుతుంది" అని డాక్టరు నాకు చెప్పారు. అక్కకి మేం చెప్పింది బలం సూది అని.

చెరుకు కోతకొచ్చింది. "కూలోళ్ళు దొరికినప్పుడే నరికించాలి. ఒళ్ళు బాగానే ఉంది. బలానికి ఇశాపట్నం దాకా ఎందుకురా, రెండు గుడ్లు తింటాను" అంది. నిజం చెప్పకుండా ఆమెని ఒప్పించే మాట మా దగ్గర లేదు. రెండు డోసులు తప్పిపోయాయి.

చంకలో గడ్డలు వచ్చాయి. ఈసారి చూసిన కొత్త డాక్టరు, మమ్మల్ని అడక్కుండా, ఆమెకే చెప్పారు. ఇంటికొచ్చాక రిపోర్టు వెనక బొమ్మ గీసి, ఆ సూది చేసే పని అక్కకి వివరించాను.

"అంటే సూది దొంగని సూపిస్తాది, మన ఒంట్లోదే ఇంకోటి కొడతాది. అంతేనా?"

"అంతే."

"ఇది నాకు అర్తం కాదనుకున్నావా? ఊళ్ళో పిల్లలందరికీ సెప్తావు. ఆ రోజే సెప్తే, సెరుకు మీ బావ నరికించీవోడు కదరా."

సూదులు మానకపోయినా తిరగబెట్టేదేమో, చెప్పలేమన్నారు డాక్టరు. బావ ఆ మాట పట్టుకుని ఉన్నాడు. నాకు అది చాలదు. అక్క పోయి ఏడాది దాటింది. బావతో మాట్లాడుతున్నాను, కానీ కోపం పోలేదు. నా మీద అసలే పోలేదు.

ఇమ్యూనిటీ పాఠం ఈ ఏడూ చెప్పాను. బాగానే చెప్పాను.

డాక్టరు మిమ్మల్ని పక్కకి పిలిస్తే, రోగిని కూడా వెంట తీసుకెళ్ళండి.