రాయి పెట్టని మండ

అమ్మ చనిపోయిందన్న కబురు మోసుకుని తమ్ముడు రాత్రంతా నడిచి రేగుంటకు వచ్చేసరికి నేను అంబలి కాస్తున్నాను. మే నెల. ఎనభైల్లో మా వైపు బస్సును నమ్ముకుని చావుకు బయలుదేరేవాళ్లు లేరు. ఎక్కితే అహేరి దాకా పోయి చుట్టు తిరిగి రావాలి, అదీ దొరికితే. గుట్టల నడుమ ఎండిన వాగు పట్టుకుని నడిస్తే పొద్దు వంగకముందే అమ్మ ఊరు చేరొచ్చు. మా ఆయన తెల్లవారకముందే తునికాకు కోతకు పోయి ఉన్నాడు. తమ్ముడికి ఆగే వీల్లేదు, గుంత తవ్వించాలి.

"నేను ముందట పోత అక్కా. బావ రాంగనె బయల్దేరుండ్రి. వెదురు కొట్టెటోళ్లు కొత్త బాటలు జేసిండ్రు. తప్పు బాట మీద మండ ఏసి రాయి పెడ్త. ఈ ఎండలకు శవం ఆగది, జల్ది రాండ్రి," అన్నాడు.

మా దగ్గర అది మామూలే. ముందు పోయేవాళ్లు వెనక వచ్చేవాళ్ల కోసం, పోకూడని దారికి ఆకుల మండ అడ్డం వేసి, అది గుర్తేనని తెలిసేలా మొదలు మీద రాయి పెడతారు. చిన్నప్పటి నుంచి ఆ మండలు చూసి నడిచినదాన్నని నాకు దండిగా గర్వం ఉండేది.

మేం బయలుదేరేసరికే బారెడు పొద్దెక్కింది. నాకు ఒకటే ఆత్రం: మన్నులో పెట్టకముందు అమ్మ మొఖం ఒక్కసారి చూడాలి. వాగులో ఇసుక పెనంలా కాలుతోంది. రెండు పక్కలా ఎర్ర బండలు నిలువుగా లేచి గాలి కూడా ఆడటం లేదు. రెండు చోట్ల తమ్ముడి మండలు కనిపించాయి, మొదళ్ల మీద రాళ్లతో సహా. ఇంకేముంది, చేరిపోతామనుకున్నాను.

మూడోచోట వాగు రెండు పాయలుగా చీలింది. ఎడమ పాయకు అడ్డంగా పచ్చి మండ పడి ఉంది. నేను కుడికి తిరిగాను.

"ఆగే. దీని మీద రాయి లేదు," అన్నాడు మా ఆయన. "మేకలోళ్లు కొట్టింది గావచ్చు. పెంటికలు సూడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "మా తమ్ముడు ఏసింది నాకెర్కలేదా? రాయి దొర్లిపోయి ఉంటది. సచ్చింది నీ అమ్మ గాదు గద, నోర్మూసుకుని నడువు!"

అంత మాట అన్నాను. ఆయన నా వెనకే వచ్చాడు.

ఆ పాయ పోనుపోను ఇరుకైంది. ప్రతి మలుపు దగ్గరా, ఇది దాటితే ఊరి తాటిచెట్లు కనిపిస్తాయి అనుకుంటూ నడిచాను. గుండ్లెక్కి దిగి చేతులు బొబ్బలెక్కాయి. ఆయన చెప్పు తెగితే తువ్వాల చింపి కాలికి కట్టుకున్నాడు. సొరకాయ బుర్రలో మిగిలిన నీళ్లు నాకే తాగించి, తనకు దూప లేదన్నాడు. ఎంత అబద్ధం! పెదవులు పగిలి నెత్తురు వస్తోంది ఆ మనిషికి. చివరికి దారే లేదు. ఎదురుగా మూడు నిలువుల బండ, వానాకాలంలో నీళ్లు దుమికే చోటు. అక్కడ కూలబడి నెత్తి బాదుకుని ఏడ్చాను.

"లేవే, ఇంక పొద్దున్నది," అన్నాడు. అమ్మను చూసేంత పొద్దు లేదని ఇద్దరికీ తెలుసు.

మళ్లీ వెనక్కి వచ్చేసరికి ఆ చీలిక దగ్గర నాలుగు మేకలు నిలబడి మండకున్న ఆకులు పీక్కు తింటున్నాయి. అక్కకు తెలిసిన చోటే గదా అని తమ్ముడు అక్కడ గుర్తే పెట్టినట్టు లేదు. ఆయన నా మొఖం చూడలేదు. ఒక్క తిట్టు తిట్టినా నాకు బాగుండేది.

పొద్దు గుంకే వేళకు ఊరు చేరాం. వాకిట్లో ఆడవాళ్లు స్నానాలు చేసి తడి చీరలతో కూర్చున్నారు. ఇక నాకెవరూ చెప్పనక్కర్లేదు.

"శానసేపు ఆపిన అక్కా. పెద్దమనుషులు ఇగ ఆగద్దన్నరు," అని తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్కసారి మన్ను తీయమని అక్కడున్న ముసలాయన కాళ్లు పట్టుకున్నాను.

"పూడ్సినంక తియ్యద్దు బిడ్డా," అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కరినీ పట్టుకుని అడగడం మొదలుపెట్టాను, అమ్మ మొఖం ఎట్లుండెనని. నిద్రపోయినట్టే ఉండె అంది మరదలు. నోరు తెరుచుకుంటే గుడ్డ కట్టినం అంది చిన్నమ్మ. పక్కింటామె నవ్వినట్టుండె అంది, నా ఏడుపు చూడలేక అందో ఏమో. తమ్ముణ్ణి అడిగితే, "నాకు సూడ బుద్ధిగాలె అక్కా," అన్నాడు.

ఇన్నేళ్లయింది. అమ్మను తలుచుకుంటే వాళ్లు చెప్పిన ఆ మూడు మొఖాలే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అమ్మ బతికుండగా నేను కళ్లారా చూసిన మొఖం ఎంత తలుచుకున్నా రాదు.